ఫోనుకీ టీవీకీ మధ్య మూడడుగులు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు నా జేబులో అక్క పెళ్ళి ఉంది.

1994లో జరిగిన పెళ్ళి. మూడు గంటల వీడియో క్యాసెట్టు ఇన్నేళ్ళూ అమ్మ బీరువాలో పట్టుచీరల అడుగున పడి ఉంది. టేపు అంచున తెల్లగా బూజు కూడా పట్టింది. నిరుడు హైదరాబాదులో పాత క్యాసెట్లు మార్చి ఇచ్చే ఒకాయన దాన్ని శుభ్రం చేసి ఫైలుగా మార్చి ఇచ్చాడు. 5.4 జీబీ. దాన్ని నా ఫోనులో పెట్టుకున్నాను, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భోగి సాయంత్రం అందరూ హాల్లో ఉన్నప్పుడు 43 అంగుళాల టీవీలోంచి ఉన్నట్టుండి సన్నాయి మోగాలి, జంతికలు నములుతున్న వాళ్ళంతా తలెత్తి చూడాలి. నా కోరిక అంతే.

టీవీకీ నా కుర్చీకీ మధ్య మూడడుగుల దూరం. మూడడుగులే కదా అనుకునే బలి చక్రవర్తి ధారపోశాడు.

ఫోనే చేతికిస్తే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. ఇచ్చి చూశాను, వేరే సందర్భాల్లో. ఫోను ఒక్కొక్కరి చేతికీ వెళ్తుంది, ఒక్కొక్కరూ ఒంటరిగా నవ్వుకుంటారు. నాలుగో మనిషికి చేరేసరికి ఎవరి బొటనవేలో తగిలి వీడియో పోయి కరెంటు బిల్లు ఫొటో వస్తుంది. 86 ఏళ్ళ అమ్మమ్మకు చేరేసరికి తెర ఆరిపోయి, ఆమె అందులో తన ముఖం చూసుకుని తిరిగి ఇచ్చేస్తుంది. పెళ్ళి వీడియోలో సగం రుచి చూసేవాళ్ళ వ్యాఖ్యానంలో ఉంటుంది. ఆ చీర మొదటి ఉతుక్కే వెలిసిపోయిందని ఒకరు, అప్పడాలు సగం బంతికే అయిపోయాయని ఇంకొకరు. అలా మాట్లాడుకోవాలంటే అందరూ ఒకే వైపు తిరిగి కూర్చోవాలి. మన ఇళ్ళలో అందరూ ఒకే వైపు తిరిగి కూర్చునే చోటు టీవీ ముందే మిగిలింది.

ముందు అందరూ చేసేదే చేశాను. చిన్న తెర బొమ్మ, దాని మూలన మూడు అలలు, ఫోనులోని వీడియోను తీగ లేకుండా టీవీకి పంపే "క్యాస్ట్" గుర్తు అది, దాని మీద నొక్కాను. పరికరాలేవీ దొరకలేదని ఫోను చెప్పింది. దొరకవు మరి. ఆ ఇంట్లో వైఫై లేదు. నాన్న ఫోనులో రోజుకు వచ్చే 1.5 జీబీ డేటాయే ఆ ఇంటి ఇంటర్నెట్టు. నా ఫోనుతో హాట్‌స్పాట్ ఇచ్చి టీవీని దానికి తగిలించాను. అప్పుడూ టీవీ పేరు కనిపించలేదు. తానే హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోను తన కింద చేరిన టీవీని చాలాసార్లు గుర్తుపట్టదు. దీనికి మందు ఉంది: మూడో ఫోను ఒకటి హాట్‌స్పాట్ ఇవ్వాలి, మన ఫోనూ టీవీ రెండూ దాని కింద చేరాలి. నాన్న ఫోను అడిగాను.

"డేటా అయిపోతుందేమోరా" అన్నారు.

"వీడియో నా ఫోనులోనే ఉంది నాన్నా, డేటా ఖర్చు కాదు" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

టీవీ కొన్ని నెలల తరవాత ఇంటర్నెట్టు ముఖం చూసింది. చూడగానే, ఎవరినీ అడగకుండా, తన సాఫ్ట్‌వేర్‌ను తాజా చేసుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి నాన్న ఫోనుకు ఆ రోజు డేటా పూర్తయిందని సందేశం వచ్చింది. ఆయన నాతో ఏమీ అనలేదు. ఆ సందేశాన్ని అమ్మకు చదివి వినిపించారు.

ఇక్కడ ఈ క్యాస్ట్ అనే పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పాలి, ఎందుకంటే నా పేచీ అంతా దానితోనే. మనం అనుకున్నట్టు ఫోను బొమ్మలను టీవీకి పంపదు. టీవీకి ఒక చీటీ రాసి ఇస్తుంది: ఫలానా వీడియో ఫలానా చోట ఉంది, వెళ్ళి తెచ్చుకో అని. టీవీ స్వయంగా వెళ్ళి తెచ్చుకుంటుంది. అందుకే యూట్యూబ్ పాట టీవీకి పంపించాక ఫోను జేబులో వేసుకోవచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు, పాట ఆగదు. సొంత వీడియో అయితే చీటీ మీద ఉండే చిరునామా మన ఫోనుదే. ఆ కాసేపూ ఫోను చిన్న సర్వరు వేషం కడుతుంది. అలాంటప్పుడు బయటి ఇంటర్నెట్టుతో పనేముంది? ఉంది. చీటీ అందుకుని వీడియో ఆడించే ప్రోగ్రాము, టీవీ వెనక గుచ్చే క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరం తెచ్చిన పద్ధతిలో, ఒక వెబ్ పేజీ. అది ఎక్కడో ఉన్న సర్వరు నుంచి దిగాలి. డేటా హరించుకుపోయిన హాట్‌స్పాట్ మీద అది దిగలేదు. గుండ్రంగా ఒక చక్రం తిరుగుతూ ఉండిపోయింది. మా ఇంటి పెళ్ళి మా హాల్లోనే మూడడుగులు నడవడానికి ఎక్కడి నుంచో ఒక కాగితం రావాలి, ఆ కాగితం రాలేదు.

ఆ చక్రాన్ని చూస్తూ కూర్చున్నప్పుడే నాకు కోపం వచ్చింది, ఈ వ్యాసం ఆ కోపంలోంచి పుట్టింది. ఫోనులో ఉన్నదాన్ని టీవీలో చూసే విద్య పదిహేనేళ్ళుగా పెరుగుతూనే ఉంది. కాదనను. ఎవరి సరుకు కోసం పెరిగింది? నెలనెలా డబ్బు కట్టి చూసే సరుకు కోసం, ప్రకటనలతో చూసే సరుకు కోసం. మన పెళ్ళిళ్ళూ, బారసాలలూ, పోయినవాళ్ళ ముఖాలూ ఆ ఏర్పాటులో పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, అంచున నిలబడ్డాయి. అందుకని నేననేది ఇది: ప్రతి ఇంట్లో మధ్యవర్తి లేని దారి ఒకటి ఉండి తీరాలి. క్యాస్ట్ వాడుకోండి, కానీ దాని మీద కాపురం పెట్టకండి.

క్యాస్ట్ చేసిన మేలు చిన్నది కాదు, అది ఒప్పుకోవాలి. రిమోటుతో టీవీలో తెలుగు టైపు చేసినవాళ్ళకు తెలుస్తుంది. "త్యాగరాజ కీర్తనలు" అని రాయడానికి బాణం గుర్తులు నొక్కుతూ "త్య" దగ్గరే సాయంత్రం అయిపోతుంది. అదే ఫోనులో అయితే అమ్మ నోటితో చెబుతుంది, వెతుకుతుంది, టీవీకి పంపేస్తుంది. 2013లో గూగుల్ ఆ చిన్న క్రోమ్‌కాస్ట్ ముక్కను 35 డాలర్లకు అమెరికాలో విడుదల చేసింది. మన దేశానికి 2014 డిసెంబరులో 2,999 రూపాయల ధరతో వచ్చింది. అంతకు ముందు ఇంటర్నెట్టు వీడియోను టీవీలో చూడాలంటే ల్యాప్‌టాప్‌ను టీవీ పక్కన స్టూలు మీద పెట్టి, తీగలో కాలు తట్టుకుని పడటం మామూలు. ఆ స్టూలును తీసేసిన పుణ్యం దానిదే.

అయితే చీటీ మీద ఎవరి సంతకం ఉండాలన్నది మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంది. 2025 మార్చిలో ఏం జరిగిందో చూడండి. రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, 2015లో వచ్చినవి, ప్రపంచమంతటా ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. వస్తువులో ఏమీ చెడిపోలేదు. అది అసలైనదేనని చెప్పే డిజిటల్ ధ్రువపత్రం గడువు పదేళ్ళు. ఆ గడువు మార్చి 9న తీరిపోయింది. కొన్ని రోజుల తరవాత గూగుల్ సరిచేసింది. కానీ ఆ రోజులన్నీ టీవీ వెనక చెక్కుచెదరని వస్తువు ఉండి కూడా లేనట్టే. ఇంట్లో బియ్యం ఉండి, రేషన్ కార్డు గడువు తీరిందని పొయ్యి వెలగకపోవడం లాంటిది.

నెట్‌ఫ్లిక్స్ అయితే ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. ఐఫోను నుంచి టీవీకి పంపే ఆపిల్ ఎయిర్‌ప్లే పద్ధతిని 2019లో వదిలేసింది. 2025 చివర్లో ఫోను నుంచి చాలా టీవీలకు క్యాస్ట్ చేయడాన్నే తీసేసింది. రిమోటు లేని పాత క్రోమ్‌కాస్ట్‌ల లాంటి కొన్నిటికే మిగిల్చింది. టీవీలోనే యాప్ ఉంది కదా, రిమోటుతో చూసుకోండి అని. దానికంటే నాకు ఎక్కువ ఆలోచన పుట్టించింది మొబైల్ ప్లాను. 2019 జులైలో మన దేశం కోసమే 199 రూపాయలకు పెట్టారు, 2021 డిసెంబరులో 149కి తగ్గించారు. ఆ డబ్బు కట్టినవాడు ఫోనులో, ట్యాబులో చూడవచ్చు. టీవీలో చూడకూడదు, టీవీకి పంపకూడదు. ఇతర కంపెనీలకూ ఇలాంటి ప్లాన్లు ఉన్నాయి. చవకగా ఇస్తున్నారు కదా, షరతు పెట్టుకుంటే తప్పేమిటి అని మా తమ్ముడు వాదిస్తాడు. తప్పని నేనూ అనను, వ్యాపారం వాళ్ళది. ఒక్క విషయం గమనించమంటాను: సినిమా హాల్లో టికెట్టు మనిషికి; ఇక్కడ టికెట్టు తెరకు. టీవీ ముందు ఒక్కరు కూర్చోరు, నలుగురు కూర్చుంటారని వాళ్ళకు తెలుసు. ఆ నలుగురి దగ్గర కూర్చోవడానికి అదనంగా కట్టాలి. చవక ధర ఒంటరిగా చూసేవాడికి.

సరే, తెనాలికి వద్దాం. చక్రం తిరుగుతూనే ఉంది, జంతికలు అయిపోవచ్చాయి.

రెండో దారి, ఫోను తెరను ఉన్నది ఉన్నట్టు టీవీలో చూపించడం. దీన్ని ఒక్కో ఫోనులో ఒక్కో పేరుతో పిలుస్తారు: స్మార్ట్ వ్యూ అని, స్క్రీన్ మిర్రరింగ్ అని, వైర్‌లెస్ డిస్‌ప్లే అని. చాలా ఆండ్రాయిడ్ ఫోనుల్లో అడుగున ఉన్నది 2012లో వచ్చిన మిరాకాస్ట్. గూగుల్ తన సొంత ఫోనుల్లోంచి దాన్ని తీసేసింది కానీ చాలా కంపెనీలు ఉంచాయి. దీని గొప్ప ఏమిటంటే వైఫై పెట్టె అక్కర్లేదు, ఇంటర్నెట్టు అసలే అక్కర్లేదు. ఫోనూ టీవీ నేరుగా చేతులు కలుపుతాయి. ఇబ్బందులూ ఉన్నాయి. తెర మీద ఉన్న ప్రతి బొమ్మనూ ఫోను అప్పటికప్పుడు కుదించి గాలిలో పంపాలి. పాడుతూ, చిడతలు వాయిస్తూ, మధ్యమధ్య హారతి పళ్ళెం కూడా తనే తిప్పే హరిదాసు లాంటి పని. ఫోను వేడెక్కుతుంది, బొమ్మ ఒక క్షణం వెనకబడుతుంది. డబ్బు కట్టి చూసే యాప్‌ల వీడియో చాలావరకు రాదు. మాటలు వినిపిస్తాయి, తెర నల్లగా ఉంటుంది. కాపీ కాకుండా పెట్టిన తాళం అది.

మా పెళ్ళికి ఆ తాళం లేదు. సన్నాయి మోగింది. నేను కలగన్నట్టే అందరూ తలెత్తారు. అక్క "అయ్యో, నా పెళ్ళి!" అని వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది. మామిడాకుల తోరణం, గుమ్మం, గుమ్మంలో నవ్వుతూ పెద్ద మామయ్య, అప్పటి నిండు జుట్టుతో. పెద్ద మామయ్య సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు, ఆయన తల మీదుగా, తెల్లటి పట్టీలో మా ఆవిడ సందేశం దిగింది. సెలవు దొరకక ఆమె ఇంకా హైదరాబాదులోనే ఉంది. అని నేను అందరికీ చెప్పాను.

"మీ పెద్ద మామయ్యగారు వెళ్ళారా? వెళ్ళాక చెప్పండి, అప్పుడు బయలుదేరతాను."

43 అంగుళాల తెర మీద. కళ్ళజోడు అవసరం లేని అక్షరాలు. నాలుగు క్షణాలు ఉండి పైకి పోయింది. మెసేజీ పోయింది కానీ హాల్లో నిశ్శబ్దం పోలేదు. అమ్మమ్మ ఒక్కతే, "ఏమని రాశారు? చదవండిరా" అంది.

పెద్ద మామయ్య మంచి మనిషి. కాకపోతే మాట్లాడతారు. 1983 ఎన్నికల దగ్గర మొదలుపెడితే రాత్రి భోజనాల వేళకు 1985 ఎన్నికలకు వస్తారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ తెర మీద వేయలేదు, అంతే. నేను తీగ పీకినట్టు ఫోను ఆపేశాను. ఇలా తెర చూపించే ముందు సందేశాలు రాకుండా ఫోనును మౌనంలో పెట్టాలని, "డు నాట్ డిస్టర్బ్" నొక్కాలని చాలామందికి నేనే చెప్పి ఉన్నాను.

నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, ఇందులో నా వాదనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఫోను మనిషి వస్తువు, టీవీ ఇంటి వస్తువు. ఫోను తెరను మొత్తంగా ఇంటికి చూపించడమంటే బీరువా తలుపు బార్లా తీసి అందులోంచి ఒక్క చీర చూపించడం. ఇంటికి కావలసింది ఆ ఒక్క చీర.

మూడో దారి తీగ. మా మేనల్లుడు ఇంజినీరింగు చదువుతున్నాడు, తెర పడిన నాటకాన్ని మళ్ళీ ఎత్తడానికి వాడే ముందుకు వచ్చాడు. "మామయ్యా, టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ తీగ కొంటే అయిపోతుంది" అని బండి మీద బజారుకు వెళ్ళి తెచ్చాడు. ఏ టైప్-సి ఫోనుకైనా పనిచేస్తుందని కొట్టతను చెప్పాడట. తగిలించాం. టీవీ "సిగ్నల్ లేదు" అంది. తీగ తిప్పి పెట్టాం. మళ్ళీ లేదు.

ఇది చాలామందికి డబ్బు దండగ చేస్తున్న సంగతి, కాబట్టి వివరంగా చెబుతాను. టైప్-సి అన్నది రంధ్రం ఆకారం పేరు మాత్రమే. లోపల ఏ తీగలు ఎక్కడికి వెళ్తున్నాయో ఆకారం చెప్పదు. బొమ్మ బయటికి రావాలంటే ఆ ఫోనులో డిస్‌ప్లేపోర్ట్ ఏర్పాటు ఉండాలి. ఖరీదైన ఫోనుల్లో ఉంటుంది: శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరుసలో 2017 నాటి ఎస్8 నుంచి, ఐఫోనుల్లో 2023లో టైప్-సి వచ్చిన 15 నుంచి. మధ్యతరగతి ఫోనుల్లో ఎక్కువ వాటికి ఉండదు. వాటి రంధ్రం చార్జింగుకూ ఫైళ్ళకూ తప్ప మరి దేనికీ కాదు. కొనే ముందు ఫోను వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ అని ఉందేమో చూసుకోండి. లేకపోతే ఈ తీగ కొనకండి. నా ఫోనులో అది లేదు. మేనల్లుడు తీగను మడిచి వాళ్ళ అమ్మకు కనిపించకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఏర్పాటు ఉన్న ఫోను అయితే మాత్రం తీగకు సాటి లేదు. ఖాతా అడగదు, వైఫై అడగదు, బొమ్మ వెనకబడదు. ఫోను మొత్తం కనిపిస్తుందన్న చిక్కు దానికీ ఉంది.

ఇంతసేపూ నాన్న కుర్చీలోంచి చూస్తున్నారు. "ఆ టీవీ పక్కన చీలిక ఉంది కదరా, అందులో నేను పెన్‌డ్రైవు పెట్టి అన్నమయ్య పాటలు వింటాను" అన్నారు. ఆ మాట గంట క్రితం అనకుండా ఎందుకు ఆగారో నేను అడగలేదు. డేటా సంగతి ఆయన ఇంకా మరిచిపోలేదు.

ఒక కొస టైప్-సి, రెండో కొస మామూలు యూఎస్‌బీ ఉన్న పెన్‌డ్రైవులు దొరుకుతున్నాయి. మేనల్లుడు మళ్ళీ బజారుకు వెళ్ళి ఒకటి తెచ్చాడు. ఫోనుకు తగిలించి కాపీ పెడితే మూడు వంతులు దాకా వెళ్ళి ఆగిపోయింది. చోటు లేదంది. 64 జీబీ పెన్‌డ్రైవులో 5.4 జీబీకి చోటు లేదట! కారణం దాని ఫార్మాటు, అంటే లోపల ఫైళ్ళను సర్దే పద్ధతి. ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఆ హద్దు ఉండదు కానీ పాత టీవీలు దాన్ని చదవలేకపోవచ్చు. నేను ఆ జూదం ఆడదలచుకోలేదు. ఫోనులోనే వీడియోను రెండు ముక్కలుగా కత్తిరించాను. సమయం చూసి కత్తిరించానే తప్ప సందర్భం చూడలేదు. మొదటి ముక్క జీలకర్రా బెల్లం చేతిలో పట్టుకున్న దగ్గర ఆగింది, తలల మీద పెట్టడం రెండో ముక్కలో పడింది. పురోహితుడు చూస్తే ఒప్పుకోడు.

రాత్రి తొమ్మిదిన్నరకు పెన్‌డ్రైవు టీవీ పక్క చీలికలో కూర్చుంది. ఫోను నా జేబులోకి, మౌనంలోకి వెళ్ళిపోయింది. వైఫై లేదు, ఖాతా లేదు, చీటీ లేదు. రిమోటు అమ్మ చేతిలో ఉంది.

మొదట అందరూ లావుగా కనిపించారు. అప్పటి వీడియో వెడల్పూ ఎత్తూ 4:3 కొలతలో ఉంటుంది, టీవీ 16:9; ఖాళీ ఉండకూడదని టీవీ మనుషులను పక్కకు సాగదీస్తుంది. అమర్పుల్లోకి వెళ్ళి అసలు కొలత పెట్టాక రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చి, పెళ్ళికూతురు మళ్ళీ సన్నబడింది. నలుపు ఉంటే ఉండనివ్వాలి. ఇప్పుడు మనం ఫోను నిలువుగా పట్టుకుని తీస్తున్న పెళ్ళిళ్ళు ముప్ఫై ఏళ్ళ తరవాత టీవీలో చూస్తే తెరలో మూడో వంతు కూడా నిండవు. 1994లో ఆ కెమెరా అతనికి భుజం మీద బరువు వల్ల నిలువుగా తీసే అవకాశం లేదు, మన అదృష్టం. ఇంకో సంగతి, డాలస్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న పిల్లలు పంపే వీడియోలు టీవీలో మసకగా ఉన్నాయని బాధపడేవాళ్ళు వాటిని వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. అలా పంపితే కుదించదు.

అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. బంతి భోజనాల దగ్గర, అంచున, తాతయ్య ఒక్క నాలుగు క్షణాలు కనిపించారు. ఎవరినో కోప్పడుతున్నారు, విస్తరి చూపించి. "నీళ్ళు చల్లలేదని" అంది అమ్మమ్మ. "విస్తరికి నీళ్ళు చల్లకుండా వడ్డించారని." ఆ టీవీలో పెన్‌డ్రైవు వీడియోను కాస్త వెనక్కి జరపడం కష్టం, జరిపితే తోరణం దగ్గరికి పోతుంది. అమ్మ అయిదారుసార్లు తోరణం దగ్గర నుంచి మొదలుపెట్టింది. ప్రతిసారీ పెద్ద మామయ్య నిండు జుట్టుతో గుమ్మంలో నవ్వారు, ప్రతిసారీ పెద్ద మామయ్య సోఫాలో ముందుకు జరిగారు.

మర్నాడు ఆయన బయలుదేరతారని అందరం అనుకున్నాం. పండగ రోజు ఎలా వెళ్తానన్నారు. ఆ మర్నాడు కనుమ. కనుమ నాడు కాకైనా కదలదన్నారు. రెండో ముక్క ఆ రెండు రోజుల్లో మూడుసార్లు చూశారు. ముక్కనుమ పొద్దున బస్సుకు వెళ్తూ, టీవీ పక్క చీలికలోంచి పెన్‌డ్రైవు తనే తీసి, రుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"అమ్మాయికి ఫోను చేసి చెప్పు" అన్నారు నాతో. "వెళ్ళారని."